ఆయన వద్దన్న ఆట

ఫిబ్రవరి 9, ఆదివారం

పెట్టేశాం. భోజనాలయ్యాక కూర్చుని బటన్ నొక్కాను. ‘దీపాల దీవి’ కంప్యూటర్ ఆట రెండో భాగం ఇక ఇంటర్నెట్‌లో అందరిదీ.

నొక్కిన మరుక్షణం సీసం ఫోన్. “అన్నా! పాతికేళ్ళుగా ఎవడూ చూడని ఆట అన్నా! మనం చూపించాం అన్నా!” అని అరుస్తున్నాడు. నేనూ అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి “ఏంటి, లాటరీ తగిలిందా?” అంది. “అంతకన్నా ఎక్కువే” అన్నాను. “అయితే గిన్నెలు తోమడానికి మనిషిని పెట్టండి” అనేసి లోపలికి పోయింది.

ఆమెకి చెప్పినా అర్థం కాదు. మొదటి భాగం ఆడేటప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్న తిట్లు, లెక్కల మాస్టారి దెబ్బలు, అన్నీ ఆ దీవి మీద మరిచిపోయేవాణ్ణి. రెండో భాగం వస్తుందన్నారు, కంపెనీ మూతపడింది, రాలేదు. సీసానికి పాత కంప్యూటర్ల తుక్కులో ఆ ఫ్లాపీలు దొరికినప్పుడు సగం చెడిపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఇద్దరం కూర్చుని ముక్క ముక్క అతికించాం. చివరి దీవి అసలు లేనే లేదు. ప్రోగ్రాము వాడు రాశాడు, బొమ్మలు నేను గీశాను. అయినా మొదటి తెర మీద మా పేర్లు వేసుకోలేదు. మొదటి భాగం చేసిన ఆయన పేరే వేశాం. అది మా సంస్కారం.

సీసం అసలు పేరు నాకు తెలియదు. పాత యంత్రాలకి సీసం కరిగించి అతుకులు వేస్తాడని నేను నడిపే ‘పాత ఆటల గూడు’ సైట్‌లో అందరూ అలా పిలుస్తారు. ఎదురుపడి చూసుకున్నది లేదు. కానీ నాన్న పోయినప్పుడు రోజూ ఫోన్ చేసి “తిన్నావా అన్నా” అని అడిగింది వాడొక్కడే.

రేపు మళ్ళీ కళ్ళజోళ్ళ షాపు వెనక గది, అరగదీయాల్సిన అద్దాలు. అక్కడ నా పేరు సగంమందికి తెలియదు. ‘పాత ఆటల గూడు’లో మాత్రం ఇవాళ నా పేరు తెలియనివాడు లేడు.

ఫిబ్రవరి 11

గూడు కిటకిటలాడుతోంది. పని మధ్యలో ఫోన్ చూస్తూ ఒక అద్దం పాడుచేశాను. యజమాని చూడలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఒక నోటీసు వచ్చింది. పంపింది ఒకావిడ. ఆటమీద మేం వేసిన పేరు వాళ్ళ నాన్నదట. కంపెనీ మూసేసినప్పుడు హక్కులన్నీ ఆయనకే తిరిగి రాసిచ్చారట, ఆ కాగితం నకలు, లాయరు సంతకం, అన్నీ జత చేసింది. “రెండో భాగం బయటికి రావడం నాన్నగారికి ఇష్టం లేదు. దయచేసి తీసేయండి.” అంతే.

ఆయన బతికే ఉన్నాడని మాకు తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. అడగడానికి ఎక్కడున్నాడని?

మర్యాదగానే జవాబు రాశాను. ఎందుకు ఇష్టం లేదో చెబితే ఆలోచిస్తాం అన్నాను. గంటలో జవాబు: “ఆయన వద్దన్నారండీ. కారణం చెప్పాల్సిన అవసరం ఉందా?”

ఇదేం మాట? దిక్కు లేకుండా తుక్కులో పడి ఉన్నదాన్ని తెచ్చి, కడిగి, ప్రాణం పోస్తే, కారణం చెప్పాల్సిన అవసరం లేదట. సీసం అయితే నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాడు. “అమ్ముకోడానికి అన్నా! మనం బాగుచేసేదాకా నోరు మూసుకుని కూర్చుని, ఇప్పుడు వండిన అన్నానికి వడ్డన చేయడానికొచ్చారు!” అన్నాడు. నాకూ అదే అనిపిస్తోంది.

ఫిబ్రవరి 15

నోటీసు ఫోటో తీసి గూడులో పెట్టాను. పేరు మీద నల్లగీత గీసి కప్పాను. తిట్టలేదు. “ప్రేమించేవాళ్ళ చేతుల్లోంచి లాక్కోవడానికి ఒకరు వచ్చారు” అని ఒక్క వాక్యం రాశాను. అందులో అబద్ధం ఏముంది?

పేరు కప్పాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

చదవడానికే పొద్దంతా పట్టింది. ఎంతమంది! ఏ దేశాల్లోనో ఉన్నవాళ్ళు కూడా. “నువ్వు వెనక్కి తగ్గొద్దు, మేమున్నాం” అంటున్నారు. ఒకతను నన్ను మన చరిత్రకి కాపలాదారు అన్నాడు. కాపలాదారు. ఇంత వయసొచ్చాక నన్నొకరు ఒక మాటతో పిలిచారు.

మా అమ్మాయి వచ్చి “నాన్నా, పార్కుకి వెళ్దామన్నావ్” అంది. వచ్చే ఆదివారం అన్నాను.

ఫిబ్రవరి 17

ఆవిడ పనిచేసే మందుల షాపు ఎవరో కనుక్కున్నారట. మా ఊళ్ళోనేనట. రెండు బస్సులు మారితే వస్తుంది.

ఎలా కనుక్కున్నారో. పేరు కప్పానుగా.

ఫిబ్రవరి 18

ఆ షాపు గురించి ఇంటర్నెట్‌లో ఒకటే రాతలు. తేదీ దాటిన మందులు అమ్ముతారని, ఒకళ్ళ పాప ప్రాణం మీదికి వచ్చిందని. రాసినవాళ్ళెవరూ ఈ ఊరివాళ్ళు కాదు. సీసం అవన్నీ మా గూడు గ్రూపులో పెట్టి నవ్వుతున్నాడు. “ఇది మరీ బాగాలేదు” అని రాశాను. పంపబోయి ఆగాను. మనకోసం నిలబడినవాళ్ళ మొహం మీద కొట్టినట్టుంటుంది. కాస్త చల్లబడ్డాక చెబుతాను.

ఫిబ్రవరి 20, గురువారం

టిఫిన్ తింటూ ఫోన్ బల్లమీద పెట్టాను. మా ఆవిడ పక్కనుంచి చూసింది.

“ఈ కాగితం కింద నంబరు ఎవరిది?”

“ఏ నంబరు?”

“ఇదిగో. పేరు కొట్టేసిన కాగితం కింద. ఇంటి ఫోన్ అని కూడా రాసుంది. ఇది అందరికీ కనిపిస్తోందా?”

చూశాను. ఉంది. చిన్న అక్షరాల్లో, చివరి గీత కింద.

“మరిచిపోయాను” అన్నాను.

“అరసున్న అంత తేడా ఉంటే అద్దం తీసి పారేసే మనిషివి, ఇంత నంబరు కనిపించలేదా?” అంది. ఆమె కంచం తీసుకుని లేచి, సింకు దగ్గర నిలబడి, అటే తిరిగి అంది: “ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. మీ గూడు నిండా కాకులే.”

ఫోటో తీసేశాను. ఈపాటికి ఎంతమంది దాచుకున్నారో.

ఫిబ్రవరి 21

మరిచిపోయాను. కంగారులో ఉన్నాను. ఎవరికైనా జరుగుతుంది.

ఫిబ్రవరి 24, సోమవారం

మధ్యాహ్నం గ్రూపులో సీసం రాశాడు: “ఇవాళ ముసలాయన్ని పరుగెత్తించా.” ఇంటి నంబరుకి ఫోన్ చేసి, “మీ అమ్మాయికి యాక్సిడెంట్ అయింది, వీధి చివర పడుంది, తొందరగా రండి” అన్నాడట. ముసలాయన ఫోన్ పెట్టకుండానే వెళ్ళిపోయాడట, చెప్పుల చప్పుడు వినిపించిందట.

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. చేతి అలవాటు. చేతిలో ఎవరిదో ఫ్రేము ఉంది, సరిగ్గా చదవను కూడా లేదు.

చదివాను.

ఫిబ్రవరి 26

ఆవిడ గూడులో ఖాతా తెరిచి మూడు వాక్యాలు రాసింది. “మా నాన్న మెట్ల మీద నుంచి పడిపోయారు, తుంటి ఎముక విరిగింది. దయచేసి ఇంక ఇంటికి ఫోన్లు చేయకండి. ఆట మీరే ఉంచుకోండి.”

కింద మొదటి జవాబు: “గెలిచాం!”

రెండోది: “ఆసుపత్రి ఫోటో పెట్టు, అప్పుడు నమ్ముతాం.”

ఆ తర్వాతవి రాయను.

ఫిబ్రవరి 27, గురువారం

ఒంట్లో బాగాలేదని షాపులో చెప్పి, రెండు బస్సులు మారి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో బస్సులో ఉన్నంతసేపూ తెలియలేదు. చూసి రావడానికే అనుకున్నాను.

ఇరుకు షాపు. గాజు బల్ల వెనక ఆవిడ. నాకన్నా చిన్నదే, నలభై లోపు. కళ్ళ కింద నలుపు. పక్కన ఫోన్ మోగుతోంది, ఆవిడ దానివైపు చూడటం లేదు. మోగీ మోగీ ఆగింది. మళ్ళీ మోగింది.

“ఏం కావాలండీ?”

తలనొప్పికి మాత్రలు అన్నాను.

“ఎన్నాళ్ళ నుంచి? బీపీ ఉందా? కడుపులో మంట లాంటిదేమైనా?” అని అన్నీ అడిగింది. మాత్రలు కాగితం సంచిలో వేసి, మీద రాసి ఇచ్చింది. “భోజనం అయ్యాకే వేసుకోండి. ఖాళీ కడుపుతో వద్దు. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి, ఊరికే మింగుతూ కూర్చోకండి.”

తేదీ దాటిన మందులు అమ్ముతుందని వాళ్ళు రాసింది ఈవిడ గురించే.

చెబుదామని నోరు తెరిచాను. “చిల్లర లేదండీ” అని వచ్చింది.

“పర్లేదు, నేనిస్తాను” అంది.

మార్చి 1

తలనొప్పి నిజంగానే వచ్చింది.

మార్చి 3, సోమవారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి చెప్పాను. గూడు నడిపేది నేనే అన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. షాపులో ఉన్న ముసలమ్మకి మందులిచ్చి, పంపించి, తలుపు మీది బోర్డు ‘మూసి ఉంది’ వైపు తిప్పింది.

“నంబరు పెట్టింది మీరేనా?”

“కప్పడం మరిచిపోయాను.”

“మరిచిపోయారా?”

ఆవిడ అడిగిన తీరులో కోపం లేదు. మందు పడుతుందో పడదో అడిగినట్టు, సరైన జవాబు కావాలి కాబట్టి అడిగినట్టు అడిగింది. ఆ గొంతుకి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

“లేదండీ. పేరు మీద గీత గీసేటప్పుడు చూశాను. ఒకళ్ళిద్దరు ఫోన్ చేస్తే మీరు దిగొస్తారనుకున్నాను. ఉండనీ అనుకున్నాను.”

ఇక్కడ కూడా అదే రాస్తున్నాను. చూశాను. ఉండనీ అనుకున్నాను. ఇన్ని రోజులూ ఇక్కడ రాసుకున్నది అబద్ధం. ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే. నేను నాకే అబద్ధం చెప్పుకున్నాను.

ఆవిడ బల్ల మీద చేతులానించింది. “ఒకళ్ళిద్దరా?” అంది. తర్వాత, “ఆ రోజు ఫోన్ చేసిందెవరో మీకు తెలుసా?”

తెలియదన్నాను.

మార్చి 4

తెలియదన్నాను. వాడు నాకు తమ్ముడిలాంటివాడు.

మార్చి 5, బుధవారం

మధ్యాహ్నం పని ఆపి, షాపు వెనక సందులో నిలబడి సీసానికి ఫోన్ చేశాను. ముసలాయన సంగతి చెప్పాను. ఆపరేషన్ చేశారట, ఇంకా లేవలేదట అన్నాను.

“ముసలాళ్ళు పడుతూనే ఉంటారు అన్నా. నేనేమైనా తోశానా?”

“నువ్వు ఫోన్ చేయకపోతే మెట్లు దిగేవాడు కాదురా.”

“నువ్వు నంబరు పెట్టకపోతే నేను ఫోన్ చేసేవాణ్ణా?”

సందులో గోడకి ఆనుకున్నాను. వాడి గొంతు మారింది.

“నన్ను పట్టిస్తావా అన్నా? ఒక్కమాట చెప్పు. మీ నాన్న పోయినప్పుడు నీకెవరున్నారు? నీ సొంత బావమరిది వచ్చాడా? నేను కదా ఉన్నది? చెప్పన్నా, ఎవరున్నారు?”

నువ్వే ఉన్నావురా అన్నాను. ఫోన్ పెట్టేశాను.

మార్చి 6

మా ఆవిడకి అంతా చెప్పాను. నవ్వు బొమ్మ గురించి కూడా. “పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాం?” అంది. వెళ్తున్నారు అనలేదు. వెళ్తున్నాం అంది.

మార్చి 7, శుక్రవారం

వెళ్ళాం. మందుల షాపు ఆవిడ అక్కడికి ముందే వచ్చి ఫిర్యాదు ఇచ్చి ఉంది. మీసాలు నెరిసిన ఇనస్పెక్టరు గ్రూపు మాటలన్నీ నా ఫోన్‌లో చదువుతూ రెండుసార్లు ఆగి నా మొహం చూశాడు.

“ఆటా? అంటే, పిల్లలాడే వీడియో గేమా?”

“అవునండీ.”

“దీనికోసమా?”

మా ఆవిడ తలదించుకుంది. నేను నోటీసు ఫోటో సంగతి కూడా రాసిచ్చాను. మీ మీద కూడా కేసవుతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. మా ఆవిడ నా పక్కన కూర్చోలేదు, కానీ వెళ్ళిపోనూ లేదు.

మందుల షాపు ఆవిడకి ఫోన్ చేసి, ఆ రోజు తెలియదని అబద్ధం చెప్పానని చెప్పాను. “ఊఁ” అంది. ఆ తర్వాత తనే చెప్పింది: దేనికోసం పడ్డానో ఆ ఆట ఒకసారి చూడాలని వాళ్ళ నాన్న అడుగుతున్నాడట. “నాకైతే మీ మొహం చూడాలని లేదు. ఆయన అడిగారు కాబట్టి రండి” అంది.

మార్చి 9, ఆదివారం

ఆసుపత్రి. చూడటానికి వచ్చేవాళ్ళని వదిలే వేళ. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, చివర కిటికీ పక్కన ఆయన. నా చిన్నప్పటి నుంచి ఆ పేరు తెలుసు. మనిషిని చూడటం ఇప్పుడు. పిట్టంత మనిషి. కళ్ళజోడు కుడి అద్దం అడ్డంగా పగిలి ఉంది. పడినప్పుడు పగిలిందట.

“నువ్వేనా బాబూ?” అన్నాడు.

“నేనేనండీ.”

“కూర్చో. నిలబడితే నాకు మెడ నొప్పి.”

ఆవిడ మంచానికి అటువైపు నిలబడింది. కూర్చోలేదు. నేను లాప్‌టాప్ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టబోతే “అక్కడొద్దు, నొప్పి” అన్నాడు. పట్టుకుని నిలబడ్డాను. మొదటి తెర వచ్చింది. ఆయన పేరు. పగిలిన అద్దం వైపు కన్ను మూసుకుని, ఒంటికంటితో చూశాడు.

మొదటి దీవి చూశాడు. రెండోది చూశాడు. “ఊఁ, ఇక్కడ తలుపు ఎటూ పోదు. అప్పుడూ ఇంతే” అని గొణిగాడు. నేను ఉండబట్టలేక అడిగాను, నోటీసుకి జవాబులో అడిగినట్టే: “ఎందుకు వద్దన్నారండీ?”

ఆయన నావైపు తిరిగి చూశాడు. అంత చిన్న విషయం నాకు తెలియనందుకు ఆశ్చర్యపోయినట్టున్నాడు.

“బాగాలేదయ్యా.”

“అంటే?”

“అంటే ఏంటి? బాగాలేదు. మొదటిది బాగా కుదిరింది. ఇది కుదర్లేదు. ఏడాది పాటు తంటాలు పడ్డాను, కుదర్లేదు. కంపెనీ వాళ్ళు ఎలాగోలా వదుల్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. కుదరని చొక్కా వేసుకుని నలుగుర్లోకి వెళ్తామా?”

అంతే. ఏ రహస్యం లేదు. ఏ బేరం లేదు. బాగాలేదు కాబట్టి వద్దన్నాడు.

చివరి దీవి వచ్చింది. నేను గీసినది. సముద్రం మీద పొగమంచు, ఒక్కొక్కటే ఆరిపోయే దీపాలు. ఆ పొగమంచుకే నాకు ఒక చలికాలమంతా పట్టింది. ఆయన కాస్త ముందుకు వంగాడు.

“ఇదెవరు చేశారు?”

“మేమే. మీ ఫ్లాపీల్లో లేదండీ.”

“మరి దీనికి నా పేరెందుకు పెట్టారు?”

“గౌరవంతోనండీ.”

“గౌరవమైతే అడగాలి కదా, బాబూ.”

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. తల దిండు మీద వాల్చి, “తీసెయ్యి” అన్నాడు. “నాకు పేరున్నది ఆ ఒక్క ఆట వల్ల. దాని పక్కన దీన్ని పెట్టొద్దు. తీసేస్తావా?”

తీసేస్తానన్నాను. ఇవాళే తీసేస్తానన్నాను.

“మంచిది” అని కళ్ళు మూసుకున్నాడు. నమ్మాడు. ఆవిడ మాత్రం నా మొహమే చూస్తోంది. ఈ పాటికి అది ఎన్నిచోట్లకి పాకిందో ఆవిడకి తెలుసు. ఆయన ముందు ఏమీ అనలేదు.

వచ్చేముందు కళ్ళజోడు ఒకసారి ఇమ్మని అడిగి, అద్దం పవరు ఎంతో చూసుకున్నాను.

మార్చి 10

గూడులోంచి తీసేశాను. ఎందుకు తీసేశానో రాశాను. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాశాను.

మొన్నటిదాకా కాపలాదారు అన్న అతనే “ఎంతకి అమ్ముడుపోయావ్?” అన్నాడు. సాయంత్రానికి ఆట ఇంకో మూడు సైట్లలో ఉంది.

మార్చి 12, బుధవారం

బడి నుంచి వచ్చిన మా అమ్మాయి ఇంటి ఫోన్ ఎత్తిందట. నేను షాపు నుంచి వచ్చేసరికి బల్ల దగ్గర హోంవర్కు ముందేసుకుని ఊరికే కూర్చుంది.

“నాన్నా, మనిల్లు ఎక్కడో వాళ్ళకి తెలుసట.”

“ఎవరికి?”

“చెప్పలేదు. నేను వేసుకున్న బూట్ల రంగు చెప్పాడు.”

మా ఆవిడ ఆమెని పక్కన పడుకోబెట్టుకుంది. నేను ఫోన్ తీగ గోడలోంచి లాగేశాను. ఆ మందుల షాపులో మోగీ మోగీ ఆగిన ఫోన్ ఎలా ఉంటుందో ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

మార్చి 13

ఇనస్పెక్టరు పిలిచాడు. సీసాన్ని పట్టుకున్నారు. ఎక్కడో దూరం ఊరు. బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాడట, ఇద్దరు పిల్లలట. ఫోటో చూపించి “ఇతనేనా?” అన్నాడు. నేనెప్పుడూ చూడలేదండీ అన్నాను. బట్టతల, నెరిసిన గడ్డం. నాకన్నా పెద్దవాడు. ఇన్నేళ్ళూ నన్ను అన్నా అన్నాడు.

మార్చి 14

ఆయన కళ్ళజోడుకి అద్దం తయారైంది. అంచులు నేనే అరగదీశాను. రేపు శనివారం ఇచ్చి వస్తాను.

మార్చి 15

షాపులో పని ఎక్కువ. వెళ్ళలేదు.

పని ఎక్కువేం లేదు. ఆయన “తీసేశావా?” అని అడుగుతాడని వెళ్ళలేదు.

మార్చి 17, సోమవారం

ఆవిడ నుంచి మెసేజి. “నాన్న పోయారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మీరు రావద్దు.”

మార్చి 19

వాళ్ళకి తెలిసిపోయింది. ఎలా తెలుస్తాయో వీళ్ళకి.

గూడు నిండా కొవ్వొత్తి బొమ్మలు. “మహానుభావుడు వెళ్ళిపోయాడు.” “మా బాల్యానికి దేవుడు.” ఆసుపత్రి ఫోటో పెట్టు అన్నవాడు కూడా కొవ్వొత్తి పెట్టాడు. ఆయనకి నివాళిగా అందరం ఆయన చివరి ఆట ఆడదాం అని ఎవరో పిలుపిచ్చారు. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకోవడం చూశాను. కాల్చినవాళ్ళే ఆకులు పంచడం ఇదే చూడటం.

ఈ రెండు రోజుల్లో ఆడినంతమంది మేం పెట్టినప్పుడు కూడా ఆడలేదు. అందరూ పొగిడేది చివరి దీవినే. ఒకతను పెద్ద వ్యాసం రాశాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే తన చావు ఆయనకి ముందే తెలిసినట్టుందట. ఆ పొగమంచు ఒక మహాకళాకారుడు మాత్రమే గీయగలడట.

పొగమంచు నాది. నా జీవితంలో నా పనిని ఎవరూ అంతగా పొగడలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎందుకు చదివానో నాకు తెలుసు.

మార్చి 20, గురువారం

రాశాను. “ఆ దీవి ఆయనది కాదు. గీసింది నేను. ఆయన ఆసుపత్రిలో చూసి, దానిమీద తన పేరు తీసెయ్యమన్నారు. మొత్తం ఆట బయటికి రావడమే ఆయనకి ఇష్టం లేదు. బాగాలేదన్నారు.”

జవాబులు: 

“చచ్చినాయన కీర్తి దొంగిలిస్తున్నావా?”

“బాగాలేదా? ఆయనే అన్నాడా? ఆయన ఆట గురించి ఆయనకేం తెలుసు?”

సాయంత్రానికి నా రాత తీసేశారు. నేను కట్టిన గూడులోంచి నన్నే తరిమేశారు. తాళాలు, అంటే పాస్‌వర్డులు, నాతో పాటు సీసం దగ్గర కూడా ఉండేవి. వాడు వేరేవాళ్ళకి ఇచ్చిపోయాడు.

మార్చి 23, ఆదివారం

ఆవిడ ఫోన్ చేసింది. నేను షాపు పేరు చెప్పకపోయినా మా షాపుకే చేసింది. యజమాని వెనక గదిలోకి వచ్చి “నీకెవరో” అంటే ముందుకెళ్ళాను. మా షాపు ఆదివారాలు కూడా తెరుస్తారు, ఈసారి నా వంతు.

“మందుల షాపు నుంచి అండీ” అంది. వెనక ఎవరో మందు పేరు అడుగుతుంటే, ఒక్క నిమిషం అని వాళ్ళకి చెప్పింది.

“నేను చూస్తున్నాను. ఆట మీద నాన్న పేరు అలాగే ఉంది.”

“అవునండీ.”

“మీరు తీసేస్తానన్నారు.”

“నా చేతుల్లో ఉన్నది తీసేశానండీ. మిగతాది నా చేతుల్లో లేదు.”

“లాయరు కూడా అదే అన్నారు. ఒక చోట ఆపితే పది చోట్ల వస్తుందట.” గొంతు సర్దుకుంది. “మా నాన్న సంతోషంగా పోయారు, తెలుసా? ఆ అబ్బాయి తీసేశాడమ్మా, మంచివాడే అన్నారు. నేను లేదని చెప్పలేదు. మీ కోసం కాదు. ఆయన కోసం.”

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. షాపులో ఒక పెద్దావిడ ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది.

“అది ఆయనది కాదని వాళ్ళకి చెప్పండి” అంది.

“చెప్పానండీ. నమ్మలేదు. తరిమేశారు.”

“మళ్ళీ చెప్పండి.”

“ఎవరూ వినరండీ.”

“వినమని నేను అనడం లేదు. చెప్పమంటున్నాను. నేను చెబితే డబ్బు కోసం అంటారు. ఆయన లేరు. ఆయన నోటితో అన్నది విన్నవాళ్ళు ఇద్దరమే. మీరు చెప్పండి. రోజూ చెప్పండి. నన్ను క్షమించమని మాత్రం ఎప్పుడూ అడక్కండి.”

“అడగనండీ.”

ఫోన్ పెట్టేసింది.

మార్చి 24

కొత్త పేరుతో మూడు సైట్లలో రాశాను. రెండుచోట్ల తీసేశారు. ఒకచోట ఉంచారు, కింద తిట్లతో.

మార్చి 25

రాశాను. తీసేశారు.

మార్చి 29

కేసు వాయిదా పడింది. మా అమ్మాయిని నేనే బడికి దింపి వస్తున్నాను. దారిలో తను అడిగింది: “వాళ్ళు తిడుతుంటే ఎందుకు రాస్తావ్ నాన్నా?” చెప్పడానికి ప్రయత్నించాను. గేటు వచ్చేసింది.

ఏప్రిల్ 2

రాశాను. ఎవరో ఒకరు, పేరు లేదు, “నిజంగా ఆయన అలా అన్నారా?” అని అడిగారు.

అన్నారు అని జవాబిచ్చాను. ఆయన మాట ఆయన అన్నట్టే రాశాను: గౌరవమైతే అడగాలి కదా.

మళ్ళీ వాళ్ళ నుంచి ఏమీ రాలేదు.

ఏప్రిల్ 3

ఇవాళ కూడా చెప్పాను.